మామిడమ్మ అలిగిన ఏడాది

ఒకప్పుడు మామిడికాయకి పులుపంటే ఏమిటో తెలీదు.

పిందె పుట్టడమే తియ్యగా పుట్టేది. శనగగింజంత పిందె కూడా నోట్లో వేసుకుంటే పటికబెల్లంలా కరిగిపోయేది. లోపల టెంక గట్టిపడేదాకా ఎవరు ఆగారు గనక? వెన్నముద్దలా మెత్తగా ఉండగానే, పిందెతో పాటు అదీ గుటుక్కున గొంతు దిగిపోయేది.

అందుకే ఆ రోజుల్లో మామిడిపండు ఎలా ఉంటుందో ఎవరూ చూళ్ళేదు. పసుపుగా ఉంటుందా, నీలంగా ఉంటుందా? గుండ్రంగా ఉంటుందా, కోలగా ఉంటుందా? ఎవరినడిగినా "ఏమో" అనేవారు.

అంతకుముందు కొండల నిండా మామిడిచెట్లే ఉండేవి. ముసలివి ఒక్కొక్కటే గాలికి ఒరిగిపోయాయి. కొత్తవి మొలవలేదు. టెంక లేకుండా మొక్క ఎక్కడినుంచి వస్తుంది? చివరికి నల్లగెడ్డ అనే ఊరి పక్కన, కొండవాగు ఒడ్డున, ఒకే ఒక్క చెట్టు మిగిలింది. అందరూ ఆమెని మామిడమ్మ అనేవారు.

మామిడమ్మ పూత పూసిందంటే చూడాలి! కొండ మీదినుంచి మంచు దిగొచ్చి ఆమె కొమ్మల్లో దారి తప్పిపోయేది. ఆ వాసనకి వాగు కూడా నడక తగ్గించి, మెల్లగా, వెనక్కి వెనక్కి చూసుకుంటూ పోయేది. ఇక కోయిల సంగతి చెప్పక్కర్లేదు. వాడికి మామిడమ్మ పూతంటే ప్రాణం. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రందాకా పాటే పాట.

ఒకరోజు మామిడమ్మ ఆ పాట మధ్యలో గట్టిగా నిట్టూర్చింది.

"ఏమైంది? పాట బాగాలేదా?" అన్నాడు కోయిల, కంగారుగా.

"పాటకేం, బంగారం. నాకే వయసైపోతోంది. ఒక్క బిడ్డ కావాలని ఉందిరా. ఒక్క మొలక. నేను పడిపోయేలోగా దాని తొలి ఆకు చూసుకోవాలి."

"అదెంత పని! ఊళ్ళోవాళ్ళని అడుగు. మంచివాళ్ళే."

మామిడమ్మ అడిగింది. ఊరంతా చెట్టు కిందికి వచ్చి కూర్చుంది.

"మిగతా కొమ్మలన్నీ మీవే. ఆ తూర్పు కొమ్మ ఒక్కటి నాకు వదిలేయండి. దాని మీది పిందెలు ముదిరి, టెంక కట్టి, వాటంతట అవి రాలేదాకా ఎవరూ ముట్టుకోకండి. అంతే," అంది.

జనానికి ఏడుపొచ్చేసింది. ఊరిపెద్ద దాలినాయుడు అందరికంటే గట్టిగా ఏడ్చాడు. కండువాతో ముక్కు తుడుచుకుని, "తల్లీ! ఒక్క కొమ్మేనా? కావాలంటే రెండు కొమ్మలు వదిలేస్తాం!" అన్నాడు.

"ఒక్కటి చాలు నాయనా."

"అదీ నీ మంచితనం!" అని మళ్ళీ ఏడ్చాడు.

అందరూ వాగునీళ్ళు ముట్టుకుని మాటిచ్చారు. తూర్పు కొమ్మకి పసుపుగుడ్డ కట్టారు. దానికి కాపలా ఎవరుండాలంటే, ఇంకెవరు, దాలినాయుడే ఉంటానన్నాడు.

కాపలా కాసేవాడికి తను కాసేది ఏమిటో తెలియాలి కదా. అందుకని దాలినాయుడు ఒక పిందె కోసుకుని తిన్నాడు. మర్నాడు, నిన్నటి తీపి ఇవాళ కూడా ఉందో లేదో చూడాలి కదా. ఇంకోటి తిన్నాడు.

వాళ్ళ అప్ప అచ్చియ్యమ్మ చూసేసింది. ఆ వైపు అక్కని అప్ప అంటారు.

"ఒరే దాలిగా! ఏట్రా ఆ నములుడు?"

"నా కోసం కాదప్పా! కోడలికి వేవిళ్ళు. పిందె తప్ప ఏదీ నోటికి పోటం లేదంట, పాపం."

"నీ కొడుక్కి ఇంకా పెళ్ళే కాలేదు కదరా!"

దాలినాయుడు కాసేపు ఆలోచించాడు. "అవుతుంది కదా," అన్నాడు.

అచ్చియ్యమ్మ మొహమ్మీద ఉమ్మినంత పని చేసింది. అలాగని తను ఊరుకుందా? తమ్ముడు పిందె తిన్నాడు, అక్క తింటే తప్పేంటి అనుకుంది. ఆమెని చూసి పక్కింటివాళ్ళు అలాగే అనుకున్నారు. ప్రతివాళ్ళూ ఒకటే మాట: "మిగతావాళ్ళందరూ ఆగుతున్నారుగా, నేనొక్కదాన్ని ఒక్కటి తింటే చెట్టుకేం లోటు?"

కొమ్మ పలచబడింది. ఊరికి భయమేసింది. వెంటనే పిందెల్ని ఎలా కాపాడుకోవాలో మాట్లాడుకోడానికి పెద్ద సభ పెట్టారు. పక్క ఊళ్ళ పెద్దల్ని కూడా పిలిచారు. చుట్టాలు వచ్చాక ఏదో ఒకటి పెట్టాలి కదా? పళ్ళేల నిండా పిందెలు పెట్టారు. దాలినాయుడు చాలాసేపు, చాలా బాగా మాట్లాడాడు. పళ్ళేలు ఖాళీ అయిపోతే తూర్పు కొమ్మనుంచి కాసిని తెచ్చారు. మంచిపని కోసమే కదా అని.

సభ అయ్యేసరికి కొమ్మకి పసుపుగుడ్డ ఒక్కటే మిగిలింది.

"ఎవరు చేశారీ పని?" అని దాలినాయుడు గుడ్లురిమాడు. అతని మీసం మీద పిందె ముక్క ఉంది.

"ఉడతలు," అన్నారు అందరూ ఒక్క గొంతుతో. ఉడతలు అప్పటినుంచి ఆ ఊరివైపు చూడ్డం మానేశాయి.

మామిడమ్మ ఆకులు వాల్చేసుకుని కూర్చుంది. కోయిలకి కోపమొచ్చింది. "వీళ్ళతో మాటలు లాభం లేదు. వాగు అవతల చింతమ్మ ఉందిగా, ఆమెనడుగు. ఆమె జోలికి ఎవరూ గబుక్కున పోరు," అన్నాడు.

చింతమ్మ మహా చిరాకు మనిషి. సారీ, మహా చిరాకు చెట్టు.

"నాకు తీపెందుకిచ్చాడా దేవుడు అని నువ్వేడుస్తున్నావు. పులుపెందుకిచ్చాడా అని నేనేడుస్తున్నాను," అంది.

"కాస్త పులుపు పెట్టవే చింతమ్మా."

"ఇస్తాను. కానీ కాయ ముదిరి, రాలే రోజొచ్చేసరికి నా పులుపు నాకు తిరిగిచ్చెయ్యాలి. నా సొమ్ము వేసుకుని నువ్వు ఊరేగితే నేనొప్పుకోను."

"సరే," అంది మామిడమ్మ. వాగు అడుగున ఇద్దరి వేళ్ళూ కలుసుకున్నాయి. పులుపు చల్లగా, జిల్లుమంటూ మామిడమ్మ ఒళ్ళంతా పాకింది.

మరుసటి ఏడాది పిందెలు రాగానే దాలినాయుడు పరుగెత్తుకొచ్చి ఒకటి కొరికాడు.

ఒక కన్ను మూసుకుపోయింది. తర్వాత రెండోది మూసుకుపోయింది. చెవులు పైకెళ్ళాయి. మీసాలు రెండూ ముక్కు కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "హూఁ... హూఁ..." అంటూ ఒంటికాలి మీద గెంతాడు.

"ఏటయిందిరా?" అంది అచ్చియ్యమ్మ.

"నుబ్బు దిన్జూడు," అన్నాడు. నాలుక తిరగలేదు పాపం.

ఆమె తిన్నది. ఆమె కూడా గెంతింది. సాయంత్రానికి ఊరు ఊరంతా ఒంటికాలి మీద ఉంది.

ఇక చెట్టు వైపు ఎవరూ రాలేదు. పిందె కాయ అయింది. అరచేతిలో పట్టనంత కాయ! లోపల టెంక గట్టిపడుతుంటే మామిడమ్మకి గిలిగింతలు పెట్టినట్టుండేది. "కదులుతోందిరా కోయిలా!" అనేది. వాడు ఆనందం పట్టలేక పాట మధ్యలో పొలమారేవాడు.

కానీ అచ్చియ్యమ్మ ఒకత్తి ఉంది చూశారూ.

ఆమెకి రోజూ చోడి అంబలి, అదే రాగి అంబలి, చప్పగా తాగీ తాగీ నోరు చచ్చిపోయింది. ఒకరోజు కూర లేదు. గాలికి రాలి దొర్లుకొచ్చిన పుల్లకాయ ఒకటి వాకిట్లో కనపడింది. విసుగ్గా కత్తిపీట మీద రెండు ముక్కలు కోసి, ఏం తోచక ఉప్పూ కారం అద్ది నోట్లో పెట్టుకుంది.

నమిలింది. ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒలమ్మో... ఒలమ్మో... ఒలమ్మో!"

ఆ కేక కొండకి తగిలి తిరిగొచ్చేసరికే ఊరంతా ఆమె వాకిట్లో ఉంది. తలా ఒక ముక్క. తలా ఒక ఒలమ్మో. మరుక్షణం అందరూ ఇళ్ళల్లోకి పరుగెత్తి కత్తిపీటలు పట్టుకుని చెట్టు మీదికి దండెత్తారు.

ఇదివరకు పిందెలే తినేవారు. ఇప్పుడు కాయా తిన్నారు, పిందే తిన్నారు, గట్టిపడుతున్న టెంకని కూడా కసుక్కున రెండు చేసి, పెంకుతో సహా ముక్కలు కొట్టారు. అచ్చియ్యమ్మయితే మిగిలినవాటికి ఆవపిండి, నువ్వులనూనె కూడా కలిపి, పెద్ద జాడీలో కూరి, పైన గుడ్డతో వాసెన కట్టేసింది.

వాగు అవతల చింతమ్మ నవ్వు ఆపుకోలేక కాయలన్నీ గలగలా రాల్చేసింది. "ఓసి నా తల్లీ! తినకుండా ఉంటారని పులుపిస్తే, దాన్ని కూడా అంబలిలో నంజుకున్నారే! వీళ్ళు మామూలు మనుషులు కారే!"

మామిడమ్మకి నవ్వు రాలేదు. ఆమె అలిగింది.

చెట్టు అలిగితే ఎలా ఉంటుందో తెలుసా? గాలొస్తే కదలదు. పిలిస్తే పలకదు. చలి వెళ్ళిపోయి, పూత కాలం వచ్చింది. కొండ మీద ప్రతి చెట్టూ పూసింది. మామిడమ్మ మాత్రం పుయ్యలేదు.

ఊళ్ళోవాళ్ళు చెట్టు మొదలుకి చీర చుట్టారు. పసుపు రాశారు. డప్పు కొట్టారు. దాలినాయుడు చెట్టు చుట్టూ తిరుగుతూ, "తప్పయిపోయింది తల్లీ, ఇంకెప్పుడూ తినం," అన్నాడు. ఆ మాట అంటుండగా అతని చేతిలో జాడీలోంచి తెచ్చిన మామిడి ముక్క ఉంది. దాన్ని వెనక్కి దాచుకున్నాడు. చెట్లకి వెనక కూడా కళ్ళుంటాయని అతనికి తెలీదు.



ఊరి డప్పు ఊరుకున్నాక కోయిల వచ్చి కొమ్మ మీద కూర్చున్నాడు. పాడలేదు. "నువ్వు పుయ్యకపోతే నేనెవరి కోసం పాడాలి?" అని మాత్రం అడిగాడు. ఆ గొంతులో ఏముందో గానీ, మర్నాడు పొద్దున్నే తూర్పు కొమ్మ చివర ఒకే ఒక్క పూలగుత్తి కనపడింది. "ఇది నీకే. వాళ్ళకి కాదు," అంది మామిడమ్మ.

ఆ గుత్తిలో పూలు చాలామటుకు గాలికి రాలిపోయాయి. ఒక్క పిందె నిలిచింది.

ఈలోగా ఊళ్ళో ఏం జరిగిందంటే, చెట్టు మీద కాయల్లేవు. ఉన్నదల్లా అచ్చియ్యమ్మ జాడీ. మొదట్లో గరిటెలు గరిటెలు తిన్నారు. పూత రాలేదని తెలిశాక అచ్చియ్యమ్మ జాడీ పక్కనే పీటేసుకుని కూర్చుంది.

"ఒక్క ముక్క. మనిషికి ఒక్కటే."

"అప్పా, నేను ఊరిపెద్దని..."

"అయితే కాస్త పెద్ద ముక్క తీసుకో. ఒక్కటే."

వెనకటికి తట్టెడు పిందెలు ఒక్కడే తిన్న దాలినాయుడు, ఇప్పుడు ఒక్క ముక్కని ఒక ముంత అంబలి పొడుగునా నంజుకుంటున్నాడు. నంజుకుని, చప్పరించి, పెంకుని మళ్ళీ కడిగి చప్పరిస్తున్నాడు. చిత్రమేమిటంటే, తట్టెడు తిన్ననాడు కూడా అతనికి అంత రుచి తెలీలేదు.

ఒకరోజు అచ్చియ్యమ్మ గరిటె పెడితే జాడీలో 'టంగు'మంది.

 ఒక్కొక్కళ్ళే వచ్చి జాడీలోకి తొంగిచూశారు. అడుగు కనపడింది. తెల్లగా, ఖాళీగా, చందమామలా.

అప్పటికే దాలినాయుడి కొడుక్కి పెళ్ళయింది. కోడలు నీలవేణి నీళ్ళోసుకుంది. ఈసారి వేవిళ్ళు నిజం వేవిళ్ళే. ఏం తిన్నా కక్కుకుంటోంది. "మావయ్యా, ఒక్క మామిడి ముక్కుంటే బాగుణ్ణు," అంది.

దాలినాయుడు ఊళ్ళోకొచ్చి, "నా కోడలికి వేవిళ్ళు!" అన్నాడు. ఊరంతా పగలబడి నవ్వింది. "ఇంతకీ పెళ్ళయిందా?" అన్నారు. ఆ పెళ్ళిలో భోంచేసినవాళ్ళే అన్నారు!

అతనికి ఏడుపొచ్చింది. ఇది అసలు ఏడుపు. చెట్టు దగ్గరికి వెళ్ళి తలెత్తితే తూర్పు కొమ్మ చివర ఆకుల్లో ఆ ఒక్క కాయ కనపడింది. నిచ్చెన తెచ్చాడు. కత్తిపీట తెచ్చాడు. వెనకాలే ఊరంతా వచ్చింది.

"ఆగరా!" అని అచ్చియ్యమ్మ నిచ్చెనకి అడ్డం పడింది. ఆమె చేతిలో ఇంకా గరిటె ఉంది.

"అప్పా, నీ మేనల్లుడి పెళ్ళాం కోసమే. ఒట్టు!"

"తెలుసు. నమ్మాను. అయినా ఆగు. చెట్టు నిండా కాయలున్నప్పుడు ఎంతుందో, ఎంత పోయిందో మన కళ్ళకి ఆన్లేదురా. ఎవరు చూసినా నిండుగానే కనపడేది. ఇప్పుడు పైకి చూడు. జాడీలో చూశావే, అదే ఇది. అడుగు. దీన్ని కూడా తీసేస్తే ఇంక గరిటె పెట్టడానికి జాడీయే ఉండదు."

 దాలినాయుడు నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టి, కోడలి వైపు చూశాడు. "మరి ఈ పిల్ల సంగతో?"

నీలవేణి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని నిలబడి ఉంది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఆ నీళ్ళు మింగింది. 

"దిగు మావయ్యా. నా కడుపులోదాన్ని ఇప్పుడే చూపించమంటే కుదురుతుందా? నేను ఆగటం లేదూ? ఆమె కడుపులోదాన్ని కూడా ముదరనియ్యండి."

దాలినాయుడు నిచ్చెన దిగాడు. దిగేటప్పుడు కాయ వైపు ఒక్కసారి చూశాడు. ఆకులు కొద్దిగా కదిలినట్టు అనిపించింది.

మాటివ్వడం వాళ్ళకి అలవాటే, మర్చిపోడమూ అలవాటే. అందుకని ఈసారి మాటివ్వలేదు. అచ్చియ్యమ్మ గరిటెతో సహా చెట్టు కింద మకాం పెట్టింది. ఆమె తినేస్తుందేమోనని ఆమెకి దాలినాయుడు కాపలా. అతనికి ఊరు కాపలా. ఊరికి కోయిల కాపలా.

ఒక పొద్దున్న దాలినాయుడు బావురుమన్నాడు. "అప్పా! కాయకి పచ్చకామెర్లొచ్చాయి!"

నిజమే. ఆకుపచ్చ కాయ పసుపెక్కిపోతోంది. రోజురోజుకీ జబ్బు ముదిరిపోతోంది. ఎవరో కామెర్ల ఆకు నూరి తెచ్చారు, ఎక్కడ రాయాలో తెలీక అచ్చియ్యమ్మ నెత్తి మీద రాశారు. ఆపైన ఒక వాసన మొదలైంది. పూత వాసన, ఎండ వాసన, తొలివాన వాసన కలిపి తేనెలో ముంచినట్టు.

"కుళ్ళిపోతోంది," అన్నాడొకడు.

"ఇంత బాగా ఎవరైనా కుళ్ళుతారుట్రా?" అన్నాడు దాలినాయుడు, కళ్ళు మూసుకుని.

వాగు అవతలనుంచి చింతమ్మ అరిచింది: "ఆఁ, నా పులుపు నాకు ముట్టిందే!"

టప్పున పండు రాలింది. గడ్డిలో దొర్లి నీలవేణి పాదాల దగ్గర ఆగింది. ఆమె వంగలేక వంగి తీసుకుంది. వేలితో నొక్కి, తొక్క చించి, ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.  పండుని పక్కవాళ్ళకి అందించింది. తలా ఒక చుక్క. పిందె తీపి ఎరిగిన వాళ్ళే అందరూ. ఈ తీపి ముందు అది ఉత్త చక్కెరనీళ్ళు.

చివరికి టెంక దాలినాయుడి దగ్గరికొచ్చింది. పాత అలవాటు కొద్దీ దాన్ని కూడా కొరికాడు. ఫట్! టెంక కాదు, పన్ను విరిగింది.

"ఛీ! రాయి!" అని వాగు ఒడ్డుకి విసిరికొట్టాడు.

వానలు పడ్డాయి. నీలవేణికి ఆడపిల్ల పుట్టింది. ఎర్రగా, మెత్తగా ఉంది. అదే వారంలో వాగు ఒడ్డున, విసిరికొట్టిన చోట, ఒక మొలక తలెత్తింది. దాని ఆకులు కూడా ఎర్రగా, మెత్తగా, అప్పుడే పుట్టిన బిడ్డ చెవుల్లా ఉన్నాయి.

మామిడమ్మ వంగి వంగి చూసుకుంది. కోయిల వాన అని కూడా చూడకుండా పాడాడు. ఊరంతా మొలక చుట్టూ ముళ్ళకంప పాతింది. దాలినాయుడు పన్ను విరిగిన నోటితో, "నేనే నాటాను," అని అందరికీ చెప్పుకున్నాడు.

అప్పుడు మామిడమ్మ అలక మాని నోరు విప్పింది.

"వినండి. నాకు మీ మీద కోపం లేదు. నమ్మకం కూడా లేదు. మీరు మంచివాళ్ళే, కానీ చెట్టు నిండుగా ఉంటే మీ మంచితనం నిద్రపోతుంది. అందుకని ఈసారి మీ మాట మీద వదలను. ఒక ఏడు విరగకాస్తాను. అది మీది. తినండి, జాడీలు పెట్టుకోండి. మరుసటి ఏడు నాది. ఊపిరి పీల్చుకుంటాను."

"మరి నీ ఏడు మేమేం తినాలి తల్లీ?" అన్నాడు దాలినాయుడు.

"జాడీలోంచి తినండి. అడుగు చూసుకుంటూ."

ఊరు ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? కొమ్మ చెట్టుది.

మనుషులు పూర్తిగా బాగుపడ్డారా అంటే, ఏమో మరి. ఇప్పటికీ పక్కవాడు ఆగుతున్నాడు కదా అని ఇంకోటి కోసుకునేవాడు ఒకడుంటాడు. కానీ ఇప్పుడు గరిటె పట్టుకుని "ఒక్క ముక్కే" అనే అచ్చియ్యమ్మ కూడా ప్రతి ఇంట్లో ఒకతె ఉంది.

అప్పటినుంచే మామిడికాయ పచ్చిగా ఉన్నన్నాళ్ళూ పుల్లగా ఉండి, పండగానే చింతమ్మ పులుపు చింతమ్మకిచ్చేసి తియ్యగా అయిపోతోంది. అప్పటినుంచే మామిడి చిగురు పసిబిడ్డలా ఎర్రగా పుడుతోంది. అప్పటినుంచే మామిడిచెట్టు ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు విశ్రాంతి తీసుకుంటోంది. పూత రాగానే కోయిల కొమ్మెక్కి, "ఈ ఏడు ఎవరిదో?" అని అడుగుతూనే ఉన్నాడు. కింద మనుషులు ఏటేటా "మాదే! మాదే!" అంటూనే ఉన్నారు. మామిడమ్మ మాత్రం ఏమీ అనదు. తన లెక్క తనది.